నల్లకోటు విప్పినా న్యాయం విడువరాదు

(కామారెడ్డిలో జరిగిన విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుడను కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, జీవితమంతా దస్త్రాల మధ్యనే గడిపి పదవీ విరమణ చేసినవాడను. కంప్యూటరు నా బల్ల మీదికి వచ్చేనాటికే నా తల సగం నెరిసింది. అట్టివాడు డేటా సైన్సు గురించి, కృత్రిమ మేధ గురించి మాట్లాడడమేమిటని మీకు అనిపించవచ్చు. నన్ను ఈ విషయం ఆలోచించేలా చేసినది ఎల్లారెడ్డి నుండి వచ్చిన ఒక తండ్రి, ఆయన కుమారుడు.

ఆ అబ్బాయి ఎల్‌ఎల్‌బీ పూర్తిచేసి, మూడేళ్లుగా కోర్టులో ఒక సీనియరు వద్ద జూనియరుగా ఉన్నాడు. తల్లి బీడీలు చుట్టి అతని ఫీజులు కట్టింది. తండ్రి నా ఇంటికి వచ్చి, "సాబ్, మావాడు నల్లకోటు మూలకు పెట్టి కంప్యూటరు నేర్చుకుంటానంటున్నాడు. మా ఖాందాన్‌లో మొదటి వకీలు. మీరైనా నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. కుమారుడు తలవంచుకొని, "చాచా, మూడేళ్లయింది. నెల తిరిగేసరికి బస్సు ఖర్చులు కూడా మిగలడం లేదు. అమ్మ ఇంకా ఎన్నాళ్లు చాట ముందు కూర్చోవాలి?" అన్నాడు.

ఇద్దరి మాటలోనూ న్యాయమున్నది. అందుచేత వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించుకొని చెప్పిన జవాబునే ఈరోజు మీ ముందు ఉంచుతున్నాను.

సోదరులారా, సోదరీమణులారా! ఈ రెండు విద్యల మధ్య ఉన్నదనుకుంటున్న గోడ ఎంత పలుచనిదో ముందుగా చూద్దాం. వేలకు వేల పేర్లను, తేదీలను, మొత్తాలను పోల్చి వాటిలోని పోకడను పట్టుకోవడమే డేటా సైన్సు. ఆ పోకడను బట్టి యంత్రం తానే ఒక అంచనాకు రావడం కృత్రిమ మేధ. అంచనా వరకే అయితే చిక్కు లేదు. ఆ అంచనా మీద ఒకరి రేషన్ కార్డు నిలిచేదీ పోయేదీ తేలిపోతే, అది తీర్పే అవుతుంది. తీర్పు ఉన్నచోట న్యాయవాది ఉండవలెను గదా!

నేను ఉద్యోగం చేసిన తొలి రోజులలో ఒక పేరును జాబితా నుండి తొలగించాలంటే ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన కారణం వ్రాసి, అధికారి సంతకం తీసుకొనేవారం. అందులో అన్యాయాలు జరగలేదని నేననను. కానీ అన్యాయం జరిగితే ఎవరిని అడగాలో తెలిసేది. ఆ సంతకం ఎవరిదో కనిపించేది.

తరువాతి కాలంలో మన రాష్ట్రంలో "సమగ్ర వేదిక" అనే కంప్యూటరు వ్యవస్థ వచ్చింది. వివిధ శాఖల వద్దనున్న సమాచారాన్ని ఒకచోట చేర్చి, ఈ పేరుగల మనిషికి వాహనమున్నదా, ఆస్తి ఉన్నదా అని అది పోల్చి చూస్తుంది. అనర్హులను ఏరివేయడం దాని ఉద్దేశం. అయితే హైదరాబాదులో రిక్షా తొక్కి బ్రతికిన ఒక పేద ముస్లిం కుటుంబానికి కారున్నదని ఆ వ్యవస్థ తేల్చింది. కారు నిజానికి అదే విధమైన పేరున్న వేరొకరిది. ఆ ఇంటికి రేషన్ బియ్యం ఆగిపోయాయి.

ఇట్లు క్షేత్ర పరిశీలన లేకుండా కార్డులు రద్దు చేయడాన్ని ప్రశ్నిస్తూ హైదరాబాదుకు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ గారు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 2016 నుండి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి తిరిగి పరిశీలించవలెనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. యంత్రం చెప్పిన మాటను మనిషి గడప తొక్కి సరిచూడవలసిందేనన్న సూత్రం ఆ ఆదేశంలో ఉన్నది.

ఇక్కడ నా తప్పును కూడా ఒప్పుకోవలెను. మన పేర్లను గమనించండి. మహ్మద్, మొహమ్మద్, మహమ్మద్, ఎండీ అని ఒకే మనిషి పేరు నాలుగు దస్త్రాలలో నాలుగు విధాలుగా ఉంటుంది. షేక్, సయ్యద్, ఖాన్ అనే మాటలు వేలమందికి ఉమ్మడి. తొందరలో నేను కూడా పొడి అక్షరాలతో సరిపెట్టిన పేర్లు ఎన్నో ఉన్నాయి. ఆనాడు ఎదుట నిలిచిన మనిషిని చూసి గుర్తుపట్టేవారం కనుక అది చిన్న పొరపాటుగా పోయేది. ఈనాడు యంత్రం ముఖం చూడదు, అక్షరాలు చూస్తుంది. మా చేతివ్రాత పొరపాటు ఎవరి పొయ్యి ఆర్పుతున్నదో మాకు తెలియదు.

ఇటువంటి వ్యాజ్యంలో వాదించే వకీలు ఏమేమి అడగవలెనో ఆలోచించండి. ఏ శాఖల సమాచారాన్ని కలిపారు? రెండు పేర్లు ఒకరివేనని ఎంత పోలిక ఉంటే నిర్ణయిస్తున్నారు? నూటికి ఎన్ని తప్పులు వస్తున్నాయి? రద్దుకు ముందు నోటీసు ఇచ్చారా? చివరి ప్రశ్న చట్టం చదివినవానికి తెలుసు. మొదటి మూడు ప్రశ్నలు లెక్క తెలిసినవానికే తోస్తాయి. నాలుగూ తెలిసిన మనిషి మన జిల్లాలో ఒక్కరైనా ఉన్నారా?

ఇది మన ఒక్కరి బాధ కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ కోసం ఇచ్చే సహాయ ధనం విషయంలో వేలాది కుటుంబాలను అక్కడి పన్నుల శాఖ మోసగాళ్లుగా ముద్రవేసింది. అనుమానితులను ఎంపిక చేసే యంత్ర పద్ధతిలో డచ్ పౌరసత్వం లేకపోవడం కూడా ఒక ప్రమాద సూచికగా ఉండినది. ఆ అన్యాయం బయటపడి 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది.

మన పెద్దల చరిత్రలో కూడా ఈ రెండు విద్యలు వేరుగా లేవు. అల్గారిథం అనే మాట అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి పుట్టినది. తొమ్మిదవ శతాబ్దంలో ఖలీఫా మామూన్ కాలంలో బాగ్దాద్‌లో ఆయన వ్రాసిన గ్రంథం నుండే బీజగణితానికి "ఆల్జీబ్రా" అన్న పేరు వచ్చింది. ఆ గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలకు, వారసత్వ వాటాలకు సంబంధించిన లెక్కలే. మీరాస్‌లో భార్యకెంత, కుమార్తెకెంత, తల్లికెంత అని న్యాయంగా పంచడానికి ఆయన గణితాన్ని వినియోగించాడు. కాబట్టి చట్టం నుండి లెక్కలకు వెళ్లే మన బిడ్డ పరాయి ఊరికి పోవడం లేదు.

ఇక విద్యార్థులకు నాలుగు మాటలు.

మొదటిది, పట్టాను పారవేయకండి. పూర్తికాలపు వేతనోద్యోగంలో చేరే న్యాయవాది ఆ సంగతి బార్ కౌన్సిలుకు తెలిపి, ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రాక్టీసు నిలిపివేయవలెను. ఉద్యోగం మానిన పిదప తిరిగి దరఖాస్తు చేసుకోవచ్చు. కేవలం నేర్చుకోవడానికైతే ఆ అవసరమే లేదు. కోర్టుకు పోతూనే చదువుకోవచ్చు.

రెండవది, పునాది నుండి మొదలుపెట్టండి. పదవ తరగతి గణితం, సంఖ్యాశాస్త్రం, తరువాత పైథాన్, ఎస్‌క్యూఎల్. కేంద్ర ప్రభుత్వపు స్వయం వేదికలో పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రమే రుసుము. ఐఐటీ మద్రాసు డేటా సైన్సులో ఆన్‌లైన్ డిగ్రీ నడుపుతున్నది. పదవ తరగతిలో గణితం, ఇంగ్లీషు చదివి ఇంటర్మీడియెట్ పూర్తిచేసినవారు ఏ గ్రూపు వారైనా, ఏ వయసు వారైనా అర్హత పరీక్ష ద్వారా అందులో చేరవచ్చు. పరీక్షలకు మాత్రం కేంద్రానికి వెళ్లి వ్రాయవలెను. ఇంటి నుండే చదువుకొనే వీలున్నది కనుక ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవలెను.

మూడవది, మోసపోకండి. ఆరు నెలల్లో ఉద్యోగం ఖాయమని చెప్పే శిక్షణ సంస్థకు నమ్మి కట్టడానికి మా వీధిలో ఒక తల్లి తన గాజులు తాకట్టు పెట్టింది. పిల్లవాని చేతికి ధ్రువపత్రం వచ్చింది, ఉద్యోగం రాలేదు, గాజులు తిరిగి రాలేదు. ఉద్యోగానికి హామీ ఇచ్చేవానిని మొదట అనుమానించండి.

నాలుగవది, యంత్రాన్ని గుడ్డిగా నమ్మకండి. 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించి ఇచ్చిన, అసలు లేనే లేని తీర్పులను కోర్టుకు సమర్పించి అయిదువేల డాలర్ల జరిమానాకు గురయ్యారు. యంత్రం వ్రాసినదాన్ని సరిచూసే ఓపిక న్యాయవిద్య మీకు నేర్పినది. దానిని వదలుకోకండి.

ఈ రెండు విద్యలు కలిసినచోట పనులు కూడా ఏర్పడుతున్నాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, ప్రభుత్వం ముఖ్యమైనవిగా గుర్తించే పెద్ద సంస్థలు డేటా పరిరక్షణ అధికారిని, స్వతంత్ర డేటా ఆడిటరును నియమించుకోవలెను. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. చట్టం చదివి డేటా కూడా తెలిసినవారు ఇటువంటి పనులకు తగినవారు. రేపే పిలిచి ఉద్యోగమిస్తారని నేను చెప్పను. తలుపు ఉన్నదని మాత్రం చెప్పగలను.

తల్లిదండ్రులారా! మార్గం మార్చుకునే బిడ్డను ఓడిపోయినవానిగా చూడకండి. అయితే, "ఎన్నాళ్లలో, ఎంత ఖర్చుతో, ఏమి నేర్చుకుంటావు?" అని కూర్చోబెట్టి అడగండి. జవాబు చెప్పగలిగితే రెండేళ్లు అతనికి అండగా నిలవండి.

మస్జిద్ కమిటీల పెద్దలారా! ప్రతి పట్టణంలో ఒక గది, రెండు కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఏర్పాటు చేయడం మన శక్తికి మించిన పని కాదు. పగలు పిల్లలు చదువుకుంటారు. సాయంత్రం రేషన్, పింఛను నిలిచిపోయినవారి వివరాలను తేదీతో సహా నమోదు చేయవచ్చు. ఏ పేరు ఏ కాగితంలో ఎట్లా ఉన్నదో సరిచూసి, సవరణకు దరఖాస్తు వ్రాసి ఇవ్వవచ్చు. ఆ నమోదులే రేపు న్యాయస్థానంలో సాక్ష్యమవుతాయి.

ఆ ఎల్లారెడ్డి అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. అతడు కోర్టు మానలేదు. ఇషా నమాజు తరువాత రెండు గంటలు చదువుతున్నాడు. ఇంకా ఉద్యోగం రాలేదు, తల్లి ఇంకా బీడీలు చుట్టుతూనే ఉన్నది. అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. కానీ ఆదివారాలు పేదల కాగితాలు ముందు వేసుకొని, ఒకే మనిషి పేరు ఎన్ని విధాలుగా వ్రాయబడినదో పట్టిక తయారుచేస్తున్నాడు. మొన్న ఆయన తండ్రి నాతో, "సాబ్, మావాడు వకీలుగానే ఉన్నాడు" అన్నారు. నేను చెప్పదలచిన మాట ఆయనే చెప్పారు.

అల్లాహ్ మన పిల్లలకు పదిమందికి మేలుచేసే జ్ఞానాన్ని ప్రసాదించుగాక.