ట్రైకోమోనాస్ పరీక్ష: దంపతులు తెలిసికొనవలసిన సంగతులు
(వైశాలి నగర్ తెలుగువారి సభలో చేసిన ప్రసంగపాఠము)



మన భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన బాబూ రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిరి. కొలిమిలోని లోహపు గుణమును ఎంత అనుభవజ్ఞుడైనను కంటిచూపుతో తేల్చడు. నమూనా తీసి ప్రయోగశాలకు పంపును. లోహమునకు చూపు ఈ జాగ్రత్త దేహమునకు చూపమేల? ఇండ్లలో పైకి చెప్పుకొనని యొక వ్యాధిని గూర్చి నేడు మనవి చేసెదను.

ట్రైకోమోనాస్ అను ఏకకణ పరాన్నజీవిని 1836లో పారిస్ నగరమున ఆల్ఫ్రెడ్ డొన్నె అను వైద్యుడు సూక్ష్మదర్శినితో కనుగొనెను. ఇది స్త్రీపురుష సంపర్కమువలన వ్యాపించును. స్త్రీలకు దురద, మంట, దుర్వాసనగల స్రావము కలుగవచ్చును. పలువురికి, విశేషించి పురుషులకు, ఏ లక్షణమును కనబడదు. 2020లో లోకమున 15 కోట్ల 60 లక్షలమందికి ఇది కొత్తగా సోకెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గర్భిణులకు నెలలు నిండకమునుపే ప్రసవమగుటకును, హెచ్.ఐ.వి. సులభముగ సోకుటకును దీనితో సంబంధము కలదు.

పరీక్షలలో సులభమైనది, స్రావపు బొట్టును ఉప్పునీటితో గాజుపలకపై నుంచి, ఈదులాడు క్రిమిని సూక్ష్మదర్శినిలో చూచుట. పది నిముషములలో చూడవలెను. ఆలస్యమైనచో కదలిక ఉడిగి క్రిమి గుర్తు తెలియదు. వ్యాధి యున్నవారిలో సుమారు మూడవవంతు మొదలు సగమువరకు ఈ పరీక్షకు చిక్కక పోవుదురు. కావున 'లేదు' అను ఒక్క కాగితముతో బాధ కొట్టివేయరాదు. ద్రవములో క్రిమిని పెంచి చూచు కల్చరు పరీక్షకు వారము పట్టవచ్చును. క్రిమి జన్యుపదార్థమును పట్టు న్యాట్ పరీక్ష అన్నిటికంటె నమ్మదగినది.

ఇక ముఖ్యమైన మాట. భార్య ఒక్కతె మందు మ్రింగి, భర్త ఊరకున్నచో వ్యాధి మరల వచ్చును. నింద మాత్రము మందుపై పడును. ఇరువురును ఒకేసారి చికిత్స పొంది, అది ముగిసి బాధ తగ్గువరకు ఎడముగ నుండవలెను. స్త్రీలు మూడు మాసములలో మరల పరీక్ష చేయించుకొనవలెను.

వేరొక మనవి: ఈ క్రిమి నెలల తరబడి గుట్టుగ నుండగలదు. ఎప్పుడు, ఎవరివలన వచ్చెనో పరీక్ష చెప్పదు. ఆ కాగితమును సాక్ష్యముగ పట్టుకొని కాపురమునకు చిచ్చు పెట్టుకొనుట అవివేకము.

ప్రభుత్వాసుపత్రులలోని సురక్షా క్లినిక్కులు ఇట్టి వ్యాధులకు ఉచితముగ, గోప్యముగ చికిత్స చేయుటకై ఏర్పడినవే. సోదరీమణులారా, మీ బాధను దాచకుడు. సోదరులారా, ఆమెను ఒంటరిగా పంపకుడు. వెంట మీరును వెళ్లుడు.

సెలవు.