దేహములోని తప్పుడు కబురు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము; మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. వైద్యవిషయమున మాట్లాడుట సాహసమే. అయినను మన కుటుంబములలో అనేకులు కీళ్లవాతముతో బాధపడుచు, వయసు వచ్చినదని సరిపెట్టుకొనుచున్నారు. ముప్పది, నలుబది యేండ్ల స్త్రీలు తెల్లవారుజామున వ్రేళ్లు ముడువలేక, కాఫీ గ్లాసు పట్టలేక, నోరు మెదపక పని చేయుచున్నారు. పెండ్లికెదిగిన పిల్ల యున్న యింట ఆ మాట పైకి పొక్కనీయరు. అందుచేత ఈ నాలుగు మాటలు.

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అను ఈ వ్యాధి వయసుచేత కీలు అరుగుటవలన వచ్చునది కాదు. మనలను కాపాడవలసిన రక్షక కణములే మన కీళ్లను పరాయివిగా నెంచి వానిపై బడుటచే కలుగును. ఆ కణములు ఒకదానికొకటి కబురు పంపుకొనుటకు సైటోకైనులను చిన్న ప్రోటీనులను వాడును. క్రిమి ప్రవేశించినపుడు ఇవి కణములను పిలిచి, వాపును, జ్వరమును పుట్టించి, పని ముగియగనే అణగిపోవును.

టోకు బజారులో ధర పెరుగునను వదంతి పుట్టినచో ఏమగునో మనకు తెలియును. అందరును సరకు కొని దాచుదురు. ఆ కొనుగోలుచేతనే ధర పెరుగును. వదంతి నిజమని తోచి మరింత కొందురు. ఈ వ్యాధిలో జరుగునదియు నిట్టిదే. టి.యన్.యఫ్. అను కబురు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 మున్నగువానిని రేపును. కణములు మరింత చేరి మృదులాస్థిని, ఎముకను తినివేయును. మొదటి కబురును ఆపినచో తక్కినవియు అణగునని తలచి, లండనులో ఫెల్డ్‌మన్, మైనీ అను శాస్త్రజ్ఞులు 1992లో రోగులకు టి.యన్.యఫ్.ను బంధించు మందునిచ్చి సత్ఫలితమును చూచిరి. అయితే ఆ కబురే క్షయక్రిమిని అణచియుంచు కాపలాదారు కూడ. కావున అట్టి మందుకు ముందు క్షయపరీక్ష తప్పక చేయించుకొనవలెను.

సాధారణముగా వైద్యులు మొదట ఇచ్చునది మెథోట్రెక్సేటు. దాని వెనుక మన తెలుగుబిడ్డ యున్నాడు. 1895లో భీమవరమున జన్మించి, తిరువళ్లిక్కేణి హిందూ హైస్కూలులోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను, మద్రాసు వైద్యకళాశాలలోను చదివి, అమెరికాకేగిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును, పిదప దానికి విరోధియైన ఈ మందును తయారుచేసిరి. ఆయన 1948లో కీర్తిశేషులైరి. కీళ్లవాతమునకు దీనిని అమెరికా ప్రభుత్వము 1988లో అనుమతించినది. మందు ఆయన బృందముదే. దాని బాధలు తగ్గింప నిచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రయు వారి కృషిఫలమే.

ఈ వ్యాధికి ఈ మాత్రను వారమునకు ఒక్కదినము మాత్రమే పుచ్చుకొనవలెను. ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. ఈ తప్పు మా యింటనే జరిగినది. మా పిన్నమ్మగారు దీనిని రక్తపోటు మాత్రతోబాటు వరుసగా ఆరు దినములు మ్రింగిరి. నోరంతయు పుండ్లుపడి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినది. దైవకృపచే బ్రదికిరి. తప్పు ఆమెది కాదు. చీటీ ఇంగ్లీషున నున్నది. చదివి చెప్పవలసిన మేము అంగడిలో నుంటిమి.

మన పెద్దలకు తెలుగు అక్షరమే వచ్చును; మన పిల్లలకు తెలుగు మాటయే గాని అక్షరము రాదు. ఆ రెంటి నడుమ మందుచీటీ చిక్కుకొన్నది. కావున ప్రతి యింట ఒకరు ఆ మాత్రల పెట్టెపై పుచ్చుకొనవలసిన వారము పేరును తెలుగున పెద్దక్షరములతో వ్రాయవలెను. గర్భిణులకు ఈ మందు నిషిద్ధము. బిడ్డను కోరువారు ముందుగనే వైద్యునితో చెప్పవలెను. నొప్పిని దాచవలదు, ఆలస్యమైనచో వంకరపోయిన వ్రేలు తిరిగి చక్కబడుట కష్టము.

మన భాషను నిలుపుకొనుట సభలలో పద్యములు చదువుటకే కాదు. మన తల్లుల ప్రాణములు నిలుపుటకును అని మనవి చేయుచు సెలవు తీసుకొనుచున్నాము.