బట్టకు పేరు, పనివానికి విద్య

(మన పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పాఠశాల సభలో వ్యాపారమును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు కోరినపుడు మేము కొంత వెనుకాడితిమి. బడిలో చదువును గూర్చి చెప్పవలెను గాని సాంచాలను గూర్చి చెప్పుట యేమి యనిపించినది. కాని ఈ సభలో కూర్చున్న తల్లిదండ్రులలో సాంచాతో సంబంధము లేని యిల్లు మిక్కిలి తక్కువ. కొందరు నాలుగో ఎనిమిదో సాంచాలు నడుపువారు. ఎక్కువమంది వాటిపై నేయువారు, కండెలు చుట్టువారు, బీములు ఎక్కించువారు, సైజింగులలో పనిచేయువారు. యజమాని బిడ్డయు పనివాని బిడ్డయు ఇచ్చట ఒకే బల్లపై కూర్చుండి తెలుగు అక్షరములు దిద్దుచున్నారు. కావున పనివానిని తీర్చిదిద్దుటను గూర్చియు, చేసిన సరకుకు మంచి పేరు తెచ్చుటను గూర్చియు చెప్పుటకు ఇంతకన్న తగిన చోటు లేదని పిమ్మట మాకే తోచినది.

మొదట మన ఊరి సంగతి. చేమగ్గము కూడు పెట్టని కాలమున మన పెద్దలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములు విడిచి బొంబాయికి, షోలాపూరుకు, భివండికి వచ్చిరి. 1982 జనవరిలో బొంబాయి బట్టల మిల్లులలో మహాసమ్మె మొదలయ్యెను. సుమారు రెండున్నర లక్షల కార్మికులు అందులో పాల్గొనిరి. ఆ మిల్లులలో పెక్కు మరల కోలుకొనలేదు. వాటి పని చాల వరకు మరమగ్గముల ఊళ్లకు మరలినది. ఆ ఊళ్లలో మన భివండి ముఖ్యమైనది.

పని వచ్చినది గాని పేరు రాలేదు. మిల్లు బట్టకు అంచున మిల్లు పేరు ఉండెడిది. జనులు దానిని చూచి కొనెడివారు. మన బట్ట కోరాగానే తాకాలు చుట్టుకొని బండి ఎక్కును. అద్దకమునకు వేరొక చోటికి పోవును. అచ్చట వేరొకరి పేరు దానిపై పడును. మనకు పిక్కు లెక్కన కూలి ముట్టును. ఆ బట్ట ఎవరి ఒంటిపైకి చేరినదో నేసినవానికి తెలియదు; ఎవరు నేసిరో తొడిగినవానికి తెలియదు. పైపెచ్చు ‘భివండి మాలు’ అనగా చవక మాలు అను మాట బజారులో వినబడినపుడు మన మనసు చివుక్కుమనును. రేయింబవళ్లు ఆ మోతలో నిలిచి పనిచేయువారికి ఆ మాట తగునా?

అయితే చీటీ అచ్చువేసి అతికించినంతమాత్రమున పేరు వచ్చునా? రాదు. కొనువాడు విప్పి చూడకయే కొనునట్టి నమ్మకమునకే పేరు అని మేము తలంచుచున్నాము. ఆ నమ్మకము రెండింటిచేత కలుగును. ఒకటి, పనిచేయువానికి ఆ పని పూర్తిగా తెలిసియుండుట. రెండు, ఆ వ్యాపారము దేనికొరకు నడచుచున్నదో లోకమునకు తెలియుట. ఈ రెండును చేసి చూపిన తెలుగువాడు ఒకడు మనకు పొరుగుననే యున్న బొంబాయిలో ఉండెను.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో కృష్ణాజిల్లాలో జన్మించిరి. మదరాసులో చదివి, బ్రతుకుతెరువు వెదకుకొనుచు కలకత్తాకును, అచ్చటినుండి బొంబాయికిని పోయిరి. మన పెద్దలవలెనే వారును పొట్ట చేత పట్టుకొని వచ్చినవారే. మందుల వ్యాపారములో ఒకరి కింద పనిచేసి, పని నేర్చి, ఆ మీదటనే యజమాని యైరి. 1893లో బొంబాయిలో అమృతాంజనమును తయారుచేసిరి. తొలినాళ్లలో సంగీతసభలకు పోయి దానిని ఉచితముగా పంచిపెట్టిరని ప్రసిద్ధి. మందు మంచిదైనచో తలనొప్పి తగ్గినవాడే దానిని నలుగురికి చెప్పునని వారి నమ్మకము. అట్లే జరిగెను.

ఇంతవరకు అది మంచి వ్యాపారము మాత్రమే. పంతులుగారి గొప్పతనము ఆ తరువాతి కథలో నున్నది. 1907లో సూరతు కాంగ్రెసు మహాసభకు పోయివచ్చిన పిదప తెలుగువారికి తమ పత్రిక యొకటి ఉండవలెనని వారు నిశ్చయించిరి. 1908లో బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. తెలుగుదేశమునకు అంత దూరమున, మరాఠీ గుజరాతీ మాటల నడుమ, తెలుగు అక్షరములు కూర్చి పత్రిక నడపుట ఎంత కష్టమో మన పాఠశాల నడపుచున్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1914లో అది మదరాసునుండి దినపత్రిక యయ్యెను. 1924లో భారతి మాసపత్రికయు, 1926లో ఆంధ్ర గ్రంథమాలయు ప్రారంభమైనవి. వీటికన్నిటికిని వెనుక నిలిచినది ఆ చిన్న సీసా సంపాదించిన ధనము. అది యెచ్చటికి పోవుచున్నదో తెలుగువారెల్లరు ఎరిగిరి. కావుననే వారు పంతులుగారిని ధనికుడని గాక దేశోద్ధారకుడని పిలిచిరి.

మనుష్యులను చేరదీయుటలో సయితము వారి పద్ధతి చూడదగినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో రాజద్రోహ నేరముపై చెరసాలకు పోయివచ్చినవారు. అట్టివానిని దగ్గరకు రానిచ్చుటకే పలువురు జంకెడి దినములవి. పంతులుగారు ఆయనకు తమ పత్రిక సంపాదకత్వమునే అప్పగించిరి. హరిసర్వోత్తమరావుగారు తరువాత గ్రంథాలయోద్యమమునకు, వయోజన విద్యకు పాటుపడి పేరెన్నికగన్నవారైరి. 1938లో పంతులుగారు గతించిన పిదప వారి అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రికలను, మందుల సంస్థను కూడ నడిపిరి. ఆంధ్రపత్రికయు భారతియు 1991లో నిలిచిపోయినవి. అమృతాంజనము నేటికిని అంగళ్లలో దొరకుచున్నది. మన పిల్లలకు జలుబు చేసినపుడు నుదుటికి దానిని రాయు తల్లులు ఈ సంగతి కూడ వారికి చెప్పవలెనని మా కోరిక.

పెద్దల సంగతి చెప్పి మా సంగతి దాచుట న్యాయము కాదు. మాకు పండ్రెండు సాంచాలు కలవు. కొన్నేండ్ల క్రిందట ఒక వర్తకుడు మా తాకాలు ఆరింటిని తిప్పి పంపెను. పడుగు పోగు తెగినను సాంచా ఆపక నేసిన గుర్తులు వాటిలో పొడుగునా ఉండెను. నేసినవాడు పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడు. కొత్తగా దేశమునుండి వచ్చినవాడు. మేము కోపించి వాని కూలి కోసితిమి. మా తండ్రిగారి కాలమునుండి పనిచేయుచున్న ముసలి జాబరు ఒకడు అచ్చటనే సాంచా విప్పుచుండెను. అతడు పానా క్రింద పెట్టి మాతో ఇట్లనెను: “బిడ్డా, కూలి కోసుడు ఎంత సేపు? పోగు తెగితె సాంచ ఆపుమని పోరనికి ఎన్నడన్న చెప్పినవా? ఆపితె మీటర్లు తగ్గుతయని నువ్వే ఒర్రితివి. గిప్పుడు వాన్నంటె ఏం లాభం?”

మాకు మారు మాట రాలేదు. మీటరు లెక్కన కూలి ఇచ్చుచు, ఆగిన ప్రతి నిమిషమునకు గద్దించుచు, తప్పులేని బట్ట కావలెనని కోరితిమి. తప్పు కుఱ్ఱవాని చేతిలో లేదు. మా లెక్కలో నున్నది.

పంతులుగారు పుట్టిన 1867లోనే జపానులో సకిచి టొయోడా అను వడ్రంగి కొడుకు పుట్టెను. తల్లి మగ్గముపై పడు కష్టము చూచి, దానిని తగ్గింపవలెనని అతడు కొత్త మగ్గములు కనిపెట్టెనని చెప్పుదురు. 1924లో అతడు సిద్ధపరచిన సాంచా, పోగు తెగిన వెంటనే తనంతట తానే ఆగిపోవును. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ ఆ సాంచా హక్కులు కొనెను. నేడు లోకమంతట తిరుగుచున్న టొయోటా మోటారుకార్ల సంస్థ ఆ వంశమువారి కార్ఖానానుండియే పుట్టినది. చెడుబట్ట నేయుటకంటె ఆగుట మేలు అను సూత్రము మొదట ఒక సాంచాలో పుట్టి, పిదప కార్లకు ఎక్కినది. మన పాత సాంచాలకు ఆ తెలివి లేదు. కావున ఆ తెలివి వాటియెదుట నిలిచిన మనుష్యునికి ఉండవలెను. ఆపుటకు అతనికి అనుమతియు ఉండవలెను.

మేము చేసినది పెద్ద పని కాదు. ఆ కుఱ్ఱవానిని మూడు నెలలు ముసలి జాబరుకు అప్పగించితిమి. ఆ మూడు నెలలకు మీటరు లెక్క మాని రోజుకూలి ఇచ్చితిమి. పోగు అతుకుట, నాడె దెబ్బ సరిచూచుట, సాంచా చప్పుడునుబట్టి లోపము గుర్తించుట అతడు నేర్చెను. పిదప ఒకనాడు అద్దకపు కార్ఖానాకు వెంట తీసికొనిపోయితిమి. కోరాలో కంటికి ఆనని లోపము రంగు పట్టిన తరువాత నిలువుగీతయై కనబడును. కుఱ్ఱవాడు ఒక బట్టపై అట్టి గీతను వ్రేలితో తడవి చూచి, “ఇది నా అసుంటోడు నేసిందే” అనెను. ఏండ్ల తరబడి మేము చేసిన గద్దింపులు నేర్పని పాఠమును ఆ గీత ఒక్క క్షణములో నేర్పెను.

దీనివలన మాకు సిరులు కురిసెనని చెప్పము. పిక్కుకు వచ్చు పైసలు పెరుగలేదు. కరెంటు బిల్లు తగ్గలేదు. కాని ఆ వర్తకుడు మెల్లగా మా తాకాలను విప్పి చూచుట మానెను. బజారు మందగించి ప్రక్క సాంచాలు నిలిచిన నెలలలో సయితము మాకు బీములు వచ్చినవి. చీటీ లేకయే, అచ్చు లేకయే, పేరు అనగా ఏమో అప్పుడు మాకు తెలిసెను.

ఇచ్చట కొందరు మిత్రులు ఒక ప్రశ్న వేయుదురు. పని నేర్పినచో వాడు మరునాడే ఇంకొక చోటికి పోవును గదా యని. నిజమే. మా కుఱ్ఱవాడును రెండేండ్లకు సిరిసిల్లకు మరలిపోయెను. నష్టము కలుగలేదని మేము చెప్పము. అతని చేతివంటి చేయి దొరకుటకు చాల నాళ్లు పట్టినది. కాని నేర్పక అట్టిపెట్టుకొన్నవాడు చేయు నష్టము ఇంతకంటె పెద్దది. మరియు పని నేర్చి పోయినవాడు ఊరికే పోడు. నేర్పినవాని మాటను వెంట తీసికొనిపోవును. నేడు అతని మాటమీద వచ్చిన ఇద్దరు మా సాంచాలపై పనిచేయుచున్నారు.

ఒక కార్ఖానాకు వచ్చు పేరు ఒక ఊరికి రాగలదా? రాగలదు. షోలాపూరు దుప్పటి అనగానే దేశమంతటికి తెలియును. ఆ దుప్పటికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు వెనుక మనవలెనే తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీల చేతులు ఎన్నియో కలవు. మన భివండికి అట్టి గౌరవము కలుగకూడదని యెవరును వ్రాసిపెట్టలేదు.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవులు మూడు. సాంచాలు నడుపువారు కొత్త పనివానికి కొంతకాలము నేర్పరియైన పెద్దను తోడు నియమించి, ఆ కాలమునకు రోజుకూలి ఇయ్యవలెను. పోగు తెగినపుడు సాంచా ఆపినవానిని గద్దింపక మెచ్చుకొనవలెను. మూడవది అన్నిటికంటె ముఖ్యము: చదువు ముగియని బిడ్డను సాంచా దగ్గర నిలుపరాదు. పదునాలుగేండ్లలోపు బిడ్డను పనిలో పెట్టుకొనుట చట్టవిరుద్ధము. అది అట్లుండ, అక్షరము రానివాడు తన కూలి చీటీని సయితము చదువుకొనలేడు. ఎన్ని మీటర్లు నేసెనో, ఎంత కోసిరో, ఎందుకు కోసిరో తానే లెక్క చూచుకొనగలవాడు మంచి పనివాడగును. అట్టి పనివాడు ఎదుట నున్నపుడు యజమానియు నిజాయితీగా నుండును. ఈ మాట యజమానులముగా మేమే చెప్పుచున్నాము.

పంతులుగారి సీసా ఒక పత్రికను పోషించినది. మన సాంచా ఏమి పోషింపవలెను? ఈ పాఠశాలను పోషింపవలెనని మా యభిప్రాయము. కార్ఖానాకు ఇద్దరు ముగ్గురు బిడ్డల పుస్తకముల ఖర్చు భరించినను మన వ్యాపారమునకు ఒక అర్థము కలుగును. ఈ సంవత్సరము మావంతుగా మా సాంచాలపై పనిచేయువారి బిడ్డలందరి పుస్తకముల ఖర్చు మేము భరింపగలమని ఈ సభాముఖమున మాట ఇచ్చుచున్నాము. వచ్చే వార్షికోత్సవమునాడు ఆ మాట నిలుపుకొంటిమో లేదో మమ్ము నిలదీసి అడుగు అధికారము మీకు కలదు.