ముందు పని, తర్వాత పనిముట్టు

(పీఎం విశ్వకర్మ పథకం కింద దరఖాస్తు చేసుకున్న వడ్రంగి వృత్తిదారుల అవగాహన సదస్సులో జిల్లా సమాచార, పౌర సంబంధాల అధికారి చేసిన ప్రసంగ పాఠం)



నేను వడ్రంగిని కాను. నా పని కాగితం, కలం, కెమెరా. ఉలి ఎలా పట్టాలో మీకు చెప్పేంతవాణ్ణి కాను. పథకం డబ్బు చేతికొచ్చాక ఏం కొనాలి, ఏం కొనకూడదు అన్న ఒక్క విషయమే మాట్లాడతాను. దానికి కారణముంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మేస్త్రీ ఇంటికి వెళ్లాను. ఆయన అప్పు తెచ్చి పెద్ద మిషన్ కొన్నారు. కోత, చిత్రిక, బెజ్జం మూడూ దాని మీదే అవుతాయి. మిషన్ పక్కన ఆయన్ని నిలబెట్టి ఫొటో తీశాను, పత్రికలకు వార్త పంపాను. ఏడాది తర్వాత అదే ఊరికి వేరే పని మీద వెళితే, మిషన్ మీద గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. ఏమైందని అడిగాను. మిషన్‌కు త్రీ ఫేజ్ కరెంటు కావాలట, ఇంటికి ఉన్నది సింగిల్ ఫేజ్. పైగా ఆయనకు వచ్చే పని టౌన్‌లో ఇళ్లకు వెళ్లి ప్లైవుడ్ అల్మరాలు బిగించడం. మిషన్‌ను బండి మీద పెట్టుకుని పోలేరు కదా. అప్పు తెచ్చింది మిషన్ అయితే, అన్నం పెడుతున్నది డ్రిల్లు, కట్టర్ ఉన్న ఈ సంచి అని ఆయనే చెప్పారు. ఆ అప్పు ఈ పథకానిది కాదు. కానీ ఆ ఫొటో తీసింది నేనే. అందుకే ఈ మాటలు.

పథకంలో మీకు వచ్చేది ఏమిటి?

2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగం అందులో ఒకటి. 18 ఏళ్లు నిండి, చేత్తో, పనిముట్లతో సొంతంగా ఈ పని చేసుకుంటున్నవారు అర్హులు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు వర్తించదు. కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్, వేలిముద్రతో నమోదు ఉచితం. ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వొద్దు.

ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, మొత్తం 40 గంటలు. రోజుకు 500 రూపాయల భృతి ఇస్తారు. పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు ఇ-వోచర్ వస్తుంది. అది నగదు కాదు, మళ్లీ కట్టాల్సిందీ కాదు. తర్వాత పూచీకత్తు లేకుండా మొదటి విడత లక్ష రూపాయల వరకు రుణం, 18 నెలల్లో తీర్చాలి. అది సక్రమంగా కట్టినవారికి, డిజిటల్ చెల్లింపులు వాడినా ఉన్నత శిక్షణ తీసుకున్నా, రెండో విడత 2 లక్షల వరకు, 30 నెలల గడువుతో. మీరు కట్టే వడ్డీ 5 శాతం.

ఈ రెండు డబ్బులూ ఒకటి కాదని గుర్తుపెట్టుకోండి. వోచర్ తిరిగి కట్టనక్కర్లేదు. రుణం ప్రతి నెలా తలుపు తడుతుంది. లక్ష తీసుకుంటే 18 నెలల పాటు నెలకు సుమారు 5,780 రూపాయలు కట్టాలి. యాభై వేలే తీసుకుంటే సుమారు 2,890. లక్ష ఇస్తామన్నారని లక్షా తీసుకోవాలనేం లేదు.

ముందు మీ పని రాసుకోండి

కొనే ముందు ఒక నోటు పుస్తకం తీయండి. గత మూడు నెలల్లో చేసిన పనులన్నీ రాయండి. ద్వారబంధాలెన్ని, తలుపులెన్ని, మంచాలెన్ని, ప్లైవుడ్ పని ఎన్ని రోజులు, రిపేర్లు ఎన్ని. ప్రతి పని పక్కన, చేతి పనిముట్టుతో ఎక్కడ ఆలస్యమైంది, దేన్ని అద్దెకు తెచ్చారు, దేన్ని పక్కవాళ్లను అడిగారు అన్నది రాయండి. ఏ పనిముట్టు పేరు ఎక్కువసార్లు వస్తే అదే ముందు కొనాల్సింది.

పనిని బట్టే పనిముట్టు. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొమ్మ చేసేవారికి లేత్ లేకపోతే పని లేదు. కొండపల్లిలో తెల్ల పొణికితో బొమ్మ చేసేవారికి లేత్‌తో పెద్దగా పని లేదు, ఉలీ ఆకురాయీ ముఖ్యం. రెండూ కర్ర బొమ్మలే. మీ సంగతీ అంతే. టేకు ద్వారబంధాలు చేసేవారి సంచీ, ప్లైవుడ్ బిగించేవారి సంచీ ఒకలా ఉండవు.

వోచర్‌తో ఏవి?

రోజూ చేతిలో ఉండేవి ముందు. టేపు, మూలమట్టం, రంపం, చిత్రిక, పావు అంగుళం నుంచి అంగుళం దాకా ఉలులు, సుత్తి, సానరాయి, నాలుగు క్లాంపులు, ఒక డ్రిల్ మిషన్. కిట్ ఎంచుకునేటప్పుడు అందులో ఏమేం ఉన్నాయో జాబితా మొత్తం చదవండి. మీ దగ్గర ఇప్పటికే మంచివి ఉన్న వస్తువులే ఎక్కువగా ఉన్న కిట్ మీకు లాభం లేదు.

మూలమట్టం అక్కడే పరీక్షించండి. తిన్నని అంచున్న పలక మీద ఆనించి గీత గీయండి. మూలమట్టాన్ని తిప్పి రెండోవైపు నుంచి అదే చోట మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే సరైనది. విడిపోతే వద్దు. మూల తప్పిన మట్టంతో చేసిన తలుపు జీవితాంతం గుమ్మానికి రాసుకుంటుంది, మాట పడేది మీరు.

కరెంటు పనిముట్టు కొంటే బ్రాండ్ కంటే ముందు ఒకటి అడగండి: రిపేరు ఎక్కడ? కార్బన్ బ్రష్‌లు అరిగితే మన టౌన్‌లో దొరుకుతాయా? దొరక్కపోతే మిషన్ మూలన పడుతుంది, ఒప్పుకున్న పని ఆగుతుంది.

రుణంతో ఏవి?

ఇక్కడ ఒక లెక్క చెబుతాను. ఒక మిషన్ ధర 18,000 అనుకుందాం. దాని అద్దె రోజుకు 300. నెలలో మీకు 3 రోజులే అవసరం పడుతుంటే, అద్దె 900. సొంతంగా కొంటే ఆ డబ్బు తిరిగి రావడానికి 20 నెలలు పడుతుంది. మీ రుణం గడువు 18 నెలలే. కాబట్టి అద్దెకే తెచ్చుకోండి. అదే నెలకు 12 రోజులు వాడుతుంటే అద్దె 3,600 అవుతుంది. 5 నెలల్లో మిషన్ డబ్బు వచ్చేస్తుంది. అప్పుడు కొనండి. ధరలు, అద్దెలు మీ ఊరివి వేసుకోండి. లెక్క మాత్రం ఇదే.

రుణమంతా మిషన్లకే పోయకండి. కర్ర, ప్లైవుడ్, మడతబందులు, స్క్రూలు కొనడానికి చేతిలో డబ్బుండాలి. లేకపోతే మిషన్ ఉంటుంది, ఆర్డరు ఉంటుంది, కర్ర ఉండదు. చివరికి మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరికే వెళ్లాలి. అది తప్పించడానికే కదా ఈ పథకం.

కొనే ముందు ఇద్దర్ని అడగండి

ఒకటి, కరెంటు ఆఫీసు. మీ మీటరుకు ఆ మిషన్ లోడు సరిపోతుందా, కనెక్షన్ మార్చుకోవాలా అన్నది ముందే తెలుసుకోండి. రెండు, అటవీ శాఖ. చేతి పనిముట్లకు ఇబ్బంది లేదు. కానీ దుంగలు కోసే పెద్ద కోత మిషన్ పెట్టాలంటే లైసెన్సు కావాలి. కర్రను టింబర్ డిపోలో బిల్లుతోనే కొని, ఆ బిల్లు దాచుకోండి. తక్కువకు వస్తుందని బిల్లు లేని టేకు తీసుకుంటే, పట్టుబడితే పోయేది కర్ర ఒక్కటే కాదు.

వేళ్లు వోచర్‌తో రావు

చాలామంది రాయి కోసే కట్టర్‌కే కర్ర బ్లేడు తగిలించి, గార్డు తీసేసి వాడుతున్నారు. నేను చూశాను, మీరూ చూశారు. దయచేసి ఆ పని చేయకండి. ప్రతి బ్లేడు మీద అది తట్టుకునే గరిష్ఠ వేగం రాసి ఉంటుంది. మిషన్ వేగం దానికంటే ఎక్కువైతే బ్లేడు పగిలి ఎగిరి మీదకు రావచ్చు. కర్రకు కర్ర కోసే మిషనే వాడండి. తిరిగే బ్లేడు దగ్గర గ్లౌజులు, వదులు చొక్కా చేతులు వద్దు. కళ్లద్దాలు, పొట్టుకు మాస్కు తప్పనిసరి. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు పీకండి, స్విచ్చి ఆపితే చాలదు. వీటి ఖర్చు కూడా పనిముట్ల లెక్కలోనే వేసుకోండి.

చివరిగా ఒక మాట. శిక్షణ అయ్యాక ఫొటోలు తీస్తాం, వార్త రాస్తాం. అది మా పని. కానీ ఏడాది తర్వాత మళ్లీ వస్తాను. అప్పుడు మీ ఇంట్లో కొత్త మిషన్ లేకపోయినా ఫర్వాలేదు. ఉలి పదునుగా ఉండి, బ్యాంకు కిస్తీ బాకీ లేకుండా, నోటు పుస్తకంలో రేపటి పని రాసి ఉంటే చాలు. ఆ రోజు తీసే ఫొటోయే అసలు ఫొటో.

దరఖాస్తులో ఏ సందేహమున్నా మీ గ్రామ పంచాయతీలో గానీ, జిల్లా పరిశ్రమల కేంద్రంలో గానీ అడగండి. ఈ కాగితాన్ని మీ ఊళ్లో ఇంకో మేస్త్రీకి పంపండి.