ఎనిమిదో తరగతి నిబంధన పోయింది, గడువు తేదీ ఉన్నది
(ఏలూరులో డ్రైవర్ల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి కుటుంబాలతో కలిసి రావలసిందిగా మేము కోరినప్పుడు కొందరు పెద్దలు ఆశ్చర్యపోయారు. లైసెన్సు సంగతి డ్రైవరుకు చెబితే చాలదా, ఇంట్లో ఆడవారికి దేనికి అన్నారు. డ్రైవరు ఇంట్లో ఉండేది ఎన్ని రోజులు? కైకలూరు, ఆకివీడు చెరువుల దగ్గర చేపలకు ఐసు వేసి నింపుకున్న లారీ హౌరాకో, అస్సాముకో బయలుదేరితే, తిరిగి వచ్చే రోజు ఎవరూ చెప్పలేరు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు ముందు లోడు కోసం కాచుకొని ఉండేవారి పరిస్థితీ అంతే. తన లైసెన్సు గడువు ఎప్పుడు తీరుతుందో చూసుకొనే తీరిక అతనికి లేదు. ఇంట్లో వారికి ఆ కార్డు ఎలా ఉంటుందో కూడా తెలియదు.

ఏలూరులో తివాచీలు నేసిన తాతల మనుమలు నేడు ఆటోలు నడుపుతున్నారు, లారీల మీద వెళుతున్నారు. ముస్లింలు ఇతరుల కంటే ఎక్కువగా స్వయం ఉపాధిమీద, భద్రత లేని పనులమీద ఆధారపడి ఉన్నారని 2006లో సచార్ కమిటీ రాసిన మాటకు మన వీధులే సాక్ష్యం. మనవారిలో చాలామంది బడి మానేసి, క్లీనర్లుగా చేరి, గురువు వంటి డ్రైవరు పక్కన కూర్చొని పని నేర్చుకున్నవారు. చేతిలో పని ఉన్నది, చదువు కాగితం లేదు. రవాణా వాహనం లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న కేంద్ర నిబంధన ఇటువంటివారిని ఏళ్ల తరబడి గుమ్మం బయటే నిలబెట్టింది.

ఆ నిబంధన ఎలా పోయిందో మనం తెలుసుకోవాలి. హర్యానాలోని మేవాత్ ప్రాంతంలో అధిక సంఖ్యాకులు ముస్లింలే. బడి చదువు తక్కువ, బతుకుతెరువు డ్రైవింగు. అక్కడివారికి మినహాయింపు ఇవ్వాలని హర్యానా ప్రభుత్వం 2019లో కేంద్రాన్ని కోరింది. కేంద్రం ఒక్క ప్రాంతానికే మినహాయింపు ఇవ్వడం కాక, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 8వ నియమాన్ని దేశమంతటికీ తొలగించింది. మేవాత్ పేదల కష్టం మన కొల్లేటి కుర్రవాడికీ తలుపు తెరిచింది. కాని ఆ కబురు మన గుమ్మాల దాకా రాలేదు. మేము మాట్లాడినవారిలో పలువురు, ఎనిమిది పాసు కాలేదు గనుక తమకు లైసెన్సు రాదనే నేటికీ నమ్ముతున్నారు. దొంగ టీసీ తెచ్చిపెడతామని డబ్బు తీసుకొనే బ్రోకరు ఉండనే ఉన్నాడు. అవసరమే లేని కాగితానికి అప్పు చేసి, పైగా నేరం నెత్తిన వేసుకోవడం ఎంత విడ్డూరం!

ఇక లైసెన్సు తీసుకొనే పద్ధతి. ఆటో, చిన్న గూడ్సు బండి నడిపేవారికి 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఊరటనిచ్చింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న వాహనమైతే, తేలికపాటి వాహనపు లైసెన్సు ఉన్నవారు దానిని కిరాయికి నడపడానికి వేరే ఆమోదం అవసరం లేదని తేల్చింది. చేపల లారీ అలా కాదు. 20 ఏళ్లు నిండాలి, తేలికపాటి వాహనపు లైసెన్సు తీసుకొని కనీసం ఏడాది గడవాలి. వైద్యుడు సంతకం చేసిన 1-ఏ ఫారం, డ్రైవింగు స్కూలు ఇచ్చే 5వ నంబరు ఫారం కావాలి.

దరఖాస్తు నింపేటప్పుడు పేరు దగ్గర ఆగండి. 'షేక్' అన్న ఒక్క మాటకు మన ఇళ్లలో ఇంగ్లీషు అక్షరాలలో నాలుగు రకాల రాతలున్నాయి. ఆధారులో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో రెండక్షరాలకు కుదించి ఉంటుంది. 'మొహమ్మద్' సంగతి చెప్పనే అక్కరలేదు. తండ్రి పోయిన తరువాత పరిహారం కోసం నిలబడిన పిల్లలను, ఈ లైసెన్సు మీ నాన్నదేనని రుజువు చేయమంటే ఎంత క్షోభ! ఆధారులో ఉన్నట్టే లైసెన్సులోనూ రాయించండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది గడువు. కార్డు మీద రెండు తేదీలు ఉంటాయి. ఒకటి సొంత వాహనాలకు, దూరంగా ఉండే తేదీ. రెండవది రవాణా వాహనాలకు, 'టీఆర్' అన్న అక్షరాల పక్కన ఉండేది. ఇది ఐదేళ్లకే తీరుతుంది. మనవారు మొదటిది చూసి నిశ్చింతగా ఉంటారు. పూర్వం గడువు తీరినా 30 రోజుల వరకు లైసెన్సు చెల్లేది. 2019 సవరణ చట్టం ఆ వెసులుబాటును తీసివేసింది. గడువుకు ఏడాది ముందునుంచే రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. తీరిన తరువాత ఏడాది దాటితే మళ్లీ పరీక్షకు నిలబడాలి.

ఆకివీడు వైపు మాకు తెలిసిన ఒక కుటుంబం ఉన్నది. ఇద్దరు అన్నదమ్ములు అప్పు చేసి సొంత లారీ కొన్నారు. ఒరిస్సా దారిలో రాత్రివేళ ప్రమాదం జరిగి, సైకిలు మీద వెళుతున్న మనిషి చనిపోయాడు. లారీకి బీమా ఉన్నది. బండి నడిపిన అన్న లైసెన్సులో రవాణా తేదీ నాలుగు నెలల క్రితమే తీరింది. బీమా కంపెనీ బాధిత కుటుంబానికి చెల్లించి, ఆ సొమ్మంతా యజమానుల నుంచి రాబట్టుకొన్నది. అలా రాబట్టుకోవచ్చని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉన్నది. లారీ అమ్మినా అప్పు తీరలేదు. ఆ అన్నగారి భార్య మాతో, "ఆ తేదీ ఎక్కడుంటుందో నాకు ఒక్కరు చెప్పి ఉంటే, నేనే గుర్తు చేసేదాన్ని కదా భయ్యా" అన్నారు. ఈ సమావేశం ఆమె మాట వలననే పెట్టాము.

సొంత బండి నడుపుకొనేవారికి బీమాలో 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద రక్షణ ఉంటుంది. చెల్లుబాటులో ఉన్న లైసెన్సు దానికీ షరతే.

ఉన్న లైసెన్సును పోగొట్టుకొనే దారులూ ఉన్నాయి. చెరువు పట్టుబడికి కూలీలను గూడ్సు వ్యానులో ఎక్కించి తీసుకువెళ్లడం మన ప్రాంతంలో తప్పుగా ఎవరూ అనుకోరు. గూడ్సు బండిలో మనుషులు, అధిక లోడు, ఫోను మాట్లాడుతూ నడపడం వంటి వాటికి కనీసం మూడు నెలలు లైసెన్సు నిలిపివేయాలని సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. లోడు ఎక్కువ వేయించేది యజమాని, మూడు నెలల పస్తులు డ్రైవరువి. ఈ అన్యాయం గురించి యూనియన్లు గట్టిగా మాట్లాడాలి.

పదహారేళ్ల కొడుకు చేతికి వ్యాను తాళాలు ఇచ్చే తండ్రులకు ఒక్క మాట. పట్టుబడితే శిక్ష పడేది తండ్రికో, బండి యజమానికో: మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సే ఇవ్వరు.

కొందరు యజమానులు డ్రైవరు పారిపోకుండా అసలు కార్డు తమ దగ్గర ఉంచుకొంటారు. ఇవ్వకండి. జిరాక్సు ఇవ్వండి. డిజిలాకరులో చూపించే లైసెన్సు చెల్లుతుందని 2018 నుంచి నిబంధన ఉన్నది గనుక, దానిని డ్రైవరు ఫోనులో ఉంచండి.

హాలు బయట బల్ల దగ్గర మా పిల్లలు కూర్చున్నారు. కార్డు తెచ్చినవారు, కార్డు ఫోటో ఫోనులో ఉన్నవారు చూపించండి. టీఆర్ తేదీని చీటీ మీద రాసి ఇస్తారు. దానిని వంటింట్లో క్యాలెండరు పక్కన అంటించండి. గడువు తీరినవారు సిగ్గుపడి వెళ్లిపోవద్దు. వారి దరఖాస్తులు నింపడానికి సోమవారం ఉదయం ఇదే చోట ఉంటాము.