బాధితులను అనుమానితులుగా చూసిన వేళ
(ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విపత్తుల వేళ ప్రభుత్వమూ, పత్రికలూ ఎలా ప్రవర్తిస్తాయో చెప్పమని నిర్వాహకులు కోరారు. ఇందుకు మేము ఎంచుకున్న ఉదాహరణ అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరం. 2005లో అక్కడి జనాభాలో మూడింట రెండు వంతులు నల్లజాతీయులు, నగరంలోని పేదల్లో అత్యధికులు వారే. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను ఆ తీరాన్ని తాకింది. వెయ్యిమందికి పైగా మరణించారు.

నగరాన్ని ముంచింది గాలివాన ఒక్కటే కాదు. కాలువల వెంట కట్టిన వరద గోడలు కూలి, నగరంలో 80 శాతం నీటిపాలయింది. ఆ గోడలను నిర్మించిన సైనిక ఇంజినీర్ల విభాగమే మరుసటి ఏడాది తన నివేదికలో లోపాలను అంగీకరించింది.

ముప్పు తెలియక జరిగిందా? కాదు. స్థానిక దినపత్రిక టైమ్స్-పికయూన్ 2002లోనే వరుస కథనాలతో హెచ్చరించింది. 2004లో అధికారులు అటువంటి తుఫానునే ఊహించుకుని కసరత్తు కూడా చేశారు. కార్యాలయాల్లో ఉద్యోగ జీవితం గడిపిన మావంటివారికి ఇది వింతగా తోచదు. ఫైలు పూర్తవుతుంది, సంతకాలు పడతాయి, పని మాత్రం బీరువాలోనే ఉండిపోతుంది. తుఫానుకు ముందురోజు నగరాన్ని ఖాళీ చేయమని ఉత్తర్వు వెలువడింది. సొంత వాహనం లేనివారు దాదాపు లక్షమంది. వారిని తరలించడానికి పనికివచ్చే బస్సులు నిలిపిన చోటనే మునిగిపోయాయి.

ఇక పత్రికల సంగతి. నీటిలో నడుస్తున్న నల్లజాతి యువకుడి ఛాయాచిత్రం కింద దుకాణాన్ని ‘లూటీ చేసి’ వస్తున్నాడని ఒక వార్తాసంస్థ రాసింది. అటువంటి స్థితిలోనే ఉన్న తెల్లజాతి జంట చిత్రం కింద, దుకాణంలో రొట్టె ‘దొరికిందని’ మరొక సంస్థ రాసింది. వేలాదిమంది తలదాచుకున్న సూపర్‌డోమ్ స్టేడియంలో హత్యలు, అత్యాచారాలు జరుగుతున్నాయని ప్రచారమయింది. మేయరు, పోలీసు అధిపతి సైతం టెలివిజన్‌లో అవే మాటలు పలికారు. చివరకు ఆ స్టేడియంలో దొరికిన మృతదేహాలు ఆరు. వాటిలో హత్య ఒక్కటీ లేదు.

లూటీలు అసలే జరగలేదని మేము అనడం లేదు. ఆ ప్రచారానికి చెల్లించిన మూల్యం గురించే చెబుతున్నాము. జనం ఇంకా ఇళ్ల కప్పులపై ఎదురుచూస్తుండగానే సుమారు 1,500 మంది పోలీసులను రక్షణ పనుల నుండి తప్పించి లూటీలు ఆపడానికి మళ్లించారు. సెప్టెంబరు 4న డాన్‌జిగర్ వంతెనపై నిరాయుధులైన నల్లజాతీయులపై పోలీసులు కాల్పులు జరపగా ఇద్దరు మరణించారు. తమపై కాల్పులు జరిగినందువల్లే కాల్చామని పోలీసులు చెప్పుకున్నారు. వారిలో కొందరు నేరం అంగీకరించడానికి 2016 వరకు పట్టింది.

అయితే, సూపర్‌డోమ్ వదంతులను ఆరా తీసి, నెల తిరగకముందే అబద్ధమని అచ్చువేసింది కూడా పత్రికే. ముందు హెచ్చరించిన ఆ టైమ్స్-పికయూనే. కనుక పత్రికలన్నీ ఒకటేనని తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ప్రభుత్వం తలచుకుంటే ఏం చేయగలదో మన పొరుగునే చూశాము. 1999లో ఒడిశా పెనుతుఫానులో దాదాపు 10 వేలమంది చనిపోయారు. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు అదే రాష్ట్రం లక్షలాదిమందిని ముందుగానే తరలించింది. మరణాలు పదుల సంఖ్యకు పరిమితమయ్యాయి. తేడా అంతా ముందస్తు ఏర్పాటులోనే ఉంది.

మన కర్తవ్యం ఏమిటి? ప్రతి మొహల్లాలో ఒంటరి వృద్ధుల, రోగుల, వాహనం లేని కుటుంబాల జాబితా రాసిపెట్టుకుందాం. ఏ మతం వారైనా సరే, పేరు విడిచిపెట్టవద్దు. ఆ జాబితాను తహశీల్దారు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకుందాం. నష్టాన్ని తేదీతో, ఫొటోతో నమోదు చేద్దాం. ఎవరిపైనైనా నింద మోపే సందేశం ఫోనులోకి వస్తే, నిజమని తేలేవరకు మరొకరికి పంపవద్దు. అది మన పక్షం వారు పంపినదైనా సరే. పత్రిక తప్పు రాస్తే ఆధారాలతో సంపాదకునికి లేఖ రాద్దాం.

నీట చిక్కుకున్న మనిషి వద్దకు ముందుగా చేరవలసింది పడవ. తుపాకీ ముందు చేరే పరిస్థితి మన ఊళ్లలో రాకుండా చూసుకోవడం మనందరి బాధ్యత.