మొదట చెప్పింది రైతే

(మార్కాపురంలో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం ‘జనం ఏమనుకుంటున్నారు’. దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. గిద్దలూరులో ఏ టీ కొట్టు దగ్గరైనా పది నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది. పాల కేంద్రం దగ్గర, ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన చోట, ఇప్పుడైతే చేతిలో ఉన్న ఫోనులో, రోజూ అవే మాటలు. ఏ పార్టీ ఏం చేసింది, కంది రేటెంత, వెలిగొండ నీళ్ళు ఎప్పుడు, మోకాళ్ళ నొప్పికి ఏ మాత్ర బాగా పనిచేస్తుంది.

టీవీ వాళ్ళు ఎన్నికలప్పుడు వస్తారు. మైకు పెట్టి ఒకటే అడుగుతారు, ఎవరు గెలుస్తారని. మీ బోరు ఎన్ని అడుగులు, మీ ఊరి నీళ్ళు పరీక్ష చేసి ఎన్నేళ్ళయింది అని అడిగిన మైకు నాకైతే కనపడలేదు. మన మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ళలో కొందరు స్టూడియోల్లో కూర్చుని మన అభిప్రాయం మనకే చెబుతుంటారు. సరే, వాళ్ళ సంగతి వదిలేద్దాం.

మామూలు రైతు మాటకు విలువేముంది అని ఎవరైనా అంటే చెప్పడానికి మన పక్క ఊళ్ళదే ఒక కథ ఉంది. 1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడక ముందు మన మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉండేవి. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్ళలో రైతులు ఒక సంగతి గమనించారు. ఎడ్లు నడవలేకపోతున్నాయి. కీళ్ళు బిగుసుకుపోతున్నాయి, కాలు కదిపితే నొప్పి. మేతలో లోటు లేదు, చాకిరీ కొత్తదేం కాదు, అయినా ఎద్దు లేవలేకపోతోంది. తర్వాత కొన్నేళ్ళకు అదే జబ్బు మనుషుల్లో కనిపించింది. మెడ తిరగదు, నడుం వంగిపోతుంది. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళు దాన్ని పరిశీలించి వైద్య పత్రికలో రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే జబ్బు మొదట నమోదైంది అలాగే.

ఇందులో డాక్టర్ల గొప్పతనం డాక్టర్లదే. ఆ పరీక్ష రైతు చేయలేడు. కానీ ముందు పట్టుకుంది ఎవరు? ఎద్దు కాలు చూసిన రైతు. ఆయనకు ఫ్లోరైడ్ అనే మాట తెలియదు. తన కొట్టంలో కనపడింది చెప్పాడు, పక్కవాడి కొట్టంలోనూ అదే ఉందని చూశాడు. కంటితో చూసిన అభిప్రాయం అంటే అది.

మరి ఈ రోజు మన ఊళ్ళలో ఆరోగ్యం గురించి తిరుగుతున్న అభిప్రాయాలు చూడండి. నీళ్ళు తియ్యగా ఉంటే మంచి నీళ్ళని ఒక మాట. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. మరగబెట్టి తాగితే చాలని ఇంకో మాట. మరగబెడితే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ మాత్రం ఎక్కడికీ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్ళలో దాని పాలు పెరుగుతుంది. తాగడానికి క్యాను కొంటాం, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్ళతోనే వండుతాం. అది కూడా కడుపులోకి పోయే నీళ్ళే కదా.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఆ అంకె మీ ఊరి బోరుకు ఎంతో మీలో ఎంతమందికి తెలుసు? మన నేల కింద ఉన్నది రాయి. ఆ రాతిలోంచే ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. వాన తగ్గి బోరును ఇంకా లోతుకు దించినప్పుడు పాత నీళ్ళే వస్తున్నాయని అనుకోవద్దు. మళ్ళీ పరీక్ష చేయించాల్సిందే.

కీళ్ళ నొప్పుల సంగతి మరీ ముఖ్యం. నలభై ఏళ్ళ మనిషి ‘వయసు మీద పడింది’ అని నొప్పి బిళ్ళ వేసుకుంటాడు. చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కుని నెలల తరబడి రోజూ వేసుకుంటాడు. ఆ బిళ్ళలు కిడ్నీలను దెబ్బ తీస్తాయి. బీపీ, షుగరు ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం. కిడ్నీ పోయిందని తెలిసేసరికి, నీళ్ళ వల్లా, బిళ్ళ వల్లా, షుగరు వల్లా అని వాదించుకోవడమే మిగులుతుంది. ఇంటికి వెళ్ళి ఒక్క పని చేయండి. గడ్డం ఛాతీకి ఆనించి చూడండి. ముందుకు వంగి కాలి వేళ్ళు అందుకోండి. చేతులు తల వెనక కలపండి. కష్టంగా ఉంటే బిళ్ళ కొనకుండా డాక్టరుకు చూపించండి, తాగే నీళ్ళ గురించి కూడా ఆయనకు చెప్పండి. పిల్లల పళ్ళ మీద గార చారలుంటే బడిలో మాస్టారును అడగండి, ఇంకా ఎంతమందికి ఉన్నాయని.

ఇక రాజకీయం. మన దగ్గర రాజకీయం అంటే వెలిగొండ. 1996 మార్చి 5న శంకుస్థాపన జరిగింది. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య గారి పేరు పెట్టుకున్నాం. శ్రీశైలం వరద నీరు 43.5 టీఎంసీలు నల్లమల కింద రెండు సొరంగాల్లో రావాలి, ఒక్కొక్కటి పద్దెనిమిది కిలోమీటర్ల పైన. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగు నీరు, 15.25 లక్షల మందికి తాగు నీరు అని లెక్క. 2024 మార్చి 6న జాతికి అంకితం చేశారు. ఆ రోజుకి ముంపు ఊళ్ళు ఖాళీ కాలేదు, వాళ్ళకు రావాల్సింది పూర్తిగా రాలేదు. శంకుస్థాపన ఏడు పుట్టిన బిడ్డకు అప్పటికి 28 ఏళ్ళు.

టీ కొట్టు దగ్గర దీని మీద గొడవ ఎలా ఉంటుంది? కొబ్బరికాయ కొట్టింది మావాడు, సొరంగం తవ్వింది మావాడు, రిబ్బను కత్తిరించింది మావాడు. గంట సేపు అరుచుకుని, టీ డబ్బులు నువ్విస్తావా నేనివ్వనా అని ఇంటికి పోతాం. ఎద్దును చూసిన రైతు అలా మాట్లాడలేదు. ఆయన ఎద్దు ఏ పార్టీదని అడగలేదు.

సుంకేసుల, గుండంచర్ల, కలనూతల, గొట్టిపడియ వాళ్ళను తలుచుకోండి. నీళ్ళు నిలవాలంటే వాళ్ళ ఇళ్ళు మునగాలి. మనలోనే కొందరు ‘వాళ్ళు లేవకపోవడం వల్లే మనకు నీళ్ళు రావడం లేదు’ అంటున్నారు. నాకు బాధ కలిగించే మాట ఇది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సాగునీటి ప్రాజెక్టు కింద ఊరు మునిగే ముందు ఆరు నెలలకే పునరావాసం పూర్తి కావాలి. ఇల్లు, ఊరు, శ్మశానం వదులుకుని పోయేవాడు తన లెక్క తేల్చమనడం తప్పెలా అవుతుంది? వాళ్ళ బాకీ తీర్చమని కాలువ కింద రైతులం మనం అడిగితే ప్రభుత్వానికి జవాబు చెప్పుకోక తప్పదు.

అడగడానికి దారులున్నాయి. గ్రామసభలో నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసి ఇవ్వండి, తీర్మానంలో చేర్చమనండి. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘వెలిగొండ ఎప్పుడు పూర్తవుతుంది’ అని రాస్తే ఏదో ఒక జవాబు రాసి పంపిస్తారు. ‘మా ఊరి కాలువకు భూమి ఎంత తీసుకోవాలి, ఎంత తీసుకున్నారు, ఎంత మందికి డబ్బు ఇచ్చారు’ అని రాయండి.

నీళ్ళ సంగతిలో ఆడవాళ్ళ మాట ముందు వినాలి. ట్యాంకరు ఎన్ని రోజులకు వచ్చింది, ఇంటికి ఎన్ని బిందెలు దక్కాయి అన్నది వాళ్ళకే తెలుసు. జల జీవన్ మిషన్ నిబంధనల్లో ప్రతి ఊళ్ళో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్టుతో శిక్షణ ఇవ్వాలని ఉంది. మీ ఊళ్ళో ఆ ఐదుగురు ఎవరో పంచాయతీలో అడగండి. లేకపోతే ఎందుకు లేరో అడగండి.

వచ్చే నెల సమావేశానికి ప్రతి ఊరి నుంచి ఒక లీటరు నీళ్ళు తీసుకురండి. గాజు సీసా వద్దు, కడిగిన ప్లాస్టిక్ సీసా. తెచ్చే నీళ్ళతోనే రెండుసార్లు తొలిచి నింపండి. మీద ఊరి పేరు, బోరు లోతు, పట్టిన తేదీ రాయండి. ల్యాబుకు పంపే ఏర్పాటు సంఘం చూస్తుంది. వచ్చిన అంకెలు ఊరి పేరుతో సహా ఈ పత్రికలోనే అచ్చు వేద్దాం.